హెడ్డు మార్చేముందు కాగితం చదవండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ కొట్లలో, లారీ ట్రాన్స్‌పోర్టుల బుకింగ్ కౌంటర్ల దగ్గర డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల కరకర ఇంకా ఆగలేదు. అవి అలవాటు కొద్దీ ఉంచుకున్నవి కావు. లారీ రసీదు ఒకటి కొడితే డ్రైవరుకో కాపీ, సరుకు పంపినవాళ్ళకో కాపీ, దించుకునేవాళ్ళకో కాపీ, ఆఫీసు ఫైలుకో కాపీ ఒకే దెబ్బకు రావాలి. లేజర్‌కూ ఇంక్‌జెట్‌కూ ఆ పని చేతకాదు, ఎందుకంటే వాటికి కాగితాన్ని కొట్టడం రాదు. డాట్ మ్యాట్రిక్స్‌కు వచ్చిందల్లా కొట్టడమే.

రోజంతా కొట్టే యంత్రం కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అక్షరం పల్చబడుతుంది, మధ్యలో తెల్ల గీత పడుతుంది, గళ్ళ గీతలు వంకర పోతాయి. మిల్లు గుమాస్తా మెకానిక్‌కు ఫోన్ చేస్తాడు: “అన్నా, ప్రింటు సక్కగ వస్తలేదు. హెడ్డు పోయినట్టుంది, వచ్చేటప్పుడు కొత్తది పట్కొని రా.” జబ్బేమిటో రోగే చెప్పి, మందు చీటీ కూడా తానే రాసుకున్నట్టుంటుంది ఈ వరస. తీరా వెళ్ళి చూస్తే చాలాసార్లు హెడ్డు బాగానే ఉంటుంది. ఆరిపోయిన రిబ్బనో, ఎవరో జరిపి వదిలేసిన లీవరో అసలు కారణమై ఉంటుంది. ఈ ప్రింటర్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగాలు హెడ్డు, బోర్డు. అనుమానం ముందుగా వాటి మీదికే పోవడం జేబుకు మంచిది కాదు.

నేను చెప్పదలచింది ఒక్కటే. స్క్రూడ్రైవర్ పట్టుకునేముందు అచ్చయిన కాగితాన్ని వెలుతురులో పెట్టి బాగా చూడండి. పిన్ను పోతే పడే మచ్చ వేరు, రిబ్బన్ అయిపోతే వచ్చే పలచదనం వేరు, బెల్టు వదులైతే వచ్చే వంకర వేరు. ఒకదాని గుర్తు ఇంకొకదానికి రాదు.

ఇందుకు లోపల జరిగే పని కాస్త తెలిసి ఉండాలి. మన ఊళ్ళలో ఎక్కువగా కనపడే ఎప్సన్ ఎల్ఎక్స్-310, టీవీఎస్ ఎంఎస్‌పీ 250 వంటివి తొమ్మిది పిన్నుల యంత్రాలు. హెడ్డు ముక్కు దగ్గర తొమ్మిది సన్నని ఉక్కు తీగలు నిలువు వరసలో ఉంటాయి. ఒక తీగకూ ఇంకో తీగకూ మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. ఒక్కో తీగ వెనక ఒక్కో కాయిల్. కాయిల్‌కు కరెంటు అందగానే తీగ ముందుకు దూకి, రిబ్బన్‌ను కాగితానికేసి కొట్టి, స్ప్రింగు బలంతో వెనక్కి వస్తుంది. కాగితం వెనక రబ్బరు రోలర్ ఆ దెబ్బను ఆపుతుంది. పిన్ను, రిబ్బన్, మధ్య సందు, కాగితం, రోలర్: అచ్చు నాణ్యత అంటే ఈ అయిదింటి కుదురే. వెనక నుంచి కరెంటు పంపే కేబుల్, బోర్డు సంగతి ఆ తర్వాత.

కంప్యూటర్ తీగ పీకి మొదలుపెట్టండి

మొదటి పని సెల్ఫ్ టెస్ట్. ప్రింటర్ ఆపి, కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ తీసేయండి. మొత్తం వెడల్పున్న కాగితం ఎక్కించండి. చిన్న రసీదు ముక్క పెట్టి టెస్ట్ కొడితే కాగితం లేని చోట పిన్నులు నేరుగా రోలర్‌ను కొడతాయి, పిన్ను మొనా పాడవుతుంది, రోలర్ మీదా గుంటలు పడతాయి. ఎప్సన్ ఎల్ఎక్స్ రకాల్లో ఎల్ఎఫ్/ఎఫ్ఎఫ్ బటన్ నొక్కి పట్టుకొని స్విచ్ వేస్తే డ్రాఫ్ట్ అక్షరాలతో టెస్ట్ మొదలవుతుంది. లోడ్/ఇజెక్ట్ నొక్కి పట్టుకొని వేస్తే నాణ్యమైన అక్షరాలతో వస్తుంది. వేరే కంపెనీల్లో బటన్లు మారవచ్చు గానీ ఈ సౌకర్యం దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. ఆపడానికి పాజ్ నొక్కి, ఆ తర్వాతే స్విచ్ తీయండి.

డ్రాఫ్ట్ టెస్టే కొట్టండి. నాణ్యమైన అక్షరాల పద్ధతిలో హెడ్డు ఒక్కో వరసనూ రెండుసార్లు తడుముతుంది. ఆ రెండో దెబ్బలో లోపం కొంత మరుగున పడుతుంది. డ్రాఫ్ట్‌లో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

సెల్ఫ్ టెస్ట్ శుభ్రంగా వచ్చి, బిల్లు మాత్రం పాడుగా వస్తోందంటే ప్రింటర్‌ను ముట్టుకోకండి. తప్పు కంప్యూటర్ వైపుంది. ట్యాలీలో నీట్ మోడ్, డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్, క్విక్/డ్రాఫ్ట్ అని మూడు దారులున్నాయి. నీట్‌లో అక్షరాలు విండోస్ ఫాంటులో బొమ్మగా వెళ్తాయి. సన్నని గీతల ఫాంటు తొమ్మిది పిన్నుల మీద పలచగా, చుక్కలు చుక్కలుగా పడుతుంది, ఆలస్యమూ అవుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్‌కు మారిస్తే ప్రింటర్ తన సొంత అక్షరాలతో కొడుతుంది, ముదురుగా, వేగంగా. ఇతర సాఫ్ట్‌వేర్లలోనూ ప్రింటర్ లోపలి ఫాంటును ఎంచుకుంటే ఇదే ఫలితం. తెలుగు బిల్లుల సంగతి వేరు. విండోస్ రాకముందు సీడాక్ వారి జిస్ట్ కార్డు పెట్టిన కంప్యూటర్లు ఈ ప్రింటర్ల మీదే తెలుగు కొట్టేవి. ఇప్పుడు తెలుగు బొమ్మగానే వెళ్తుంది, వత్తులూ గుడులూ విడివిడిగా కనపడాలంటే 24 పిన్నుల యంత్రం ఉండాలి. తొమ్మిది పిన్నుల మీద చిన్న సైజు తెలుగు అలుక్కుపోతే అది రిపేరుకు లొంగే లోపం కాదు.

పేజీ అంతా పలచగా ఉంటే

ఇది అందరికీ వచ్చే ఫిర్యాదు. ముందు చూడాల్సింది కాగితం మందాన్ని బట్టి జరిపే లీవర్. దీన్ని జరిపితే హెడ్డుకూ రోలర్‌కూ మధ్య సందు మారుతుంది. ఎల్ఎక్స్-310లో ఒంటి కాగితానికి 0 మీద ఉండాలి. కాపీలు పెరిగేకొద్దీ పై అంకెకు జరుపుతాం. పొద్దున ఎవరో నాలుగు కాపీల బిల్లు కోసం పైకి జరిపి ఉంటారు, మధ్యాహ్నం ఇంకొకరు ఒంటి కాగితం పెట్టి స్టేట్‌మెంట్ కొడతారు. సందు ఎక్కువై పిన్ను దెబ్బ సగమే తగులుతుంది. తిరగేసి చేసినా తప్పే. మందం కాగితాలకు 0 మీదే ఉంచితే రిబ్బన్ కాగితానికి రాసుకొని మసి పూసినట్టవుతుంది, పిన్నులు ఇరుక్కొని వంగుతాయి. లీవర్ పక్కన ‘ఒంటి కాగితం - 0’ అని స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన ఆఫీసుల్లో ఈ ఫిర్యాదు రావడం తగ్గిపోతుంది.

లీవర్ సరిగానే ఉంటే రిబ్బన్. కంపెనీలు ఈ తరహా రిబ్బన్‌కు 30, 40 లక్షల అక్షరాల ఆయుష్షు చెబుతాయి. అది పెద్ద అంకెలా కనపడుతుంది గానీ రోజంతా బిల్లులు కొట్టే కౌంటర్‌లో త్వరగానే కరిగిపోతుంది. కొత్త రిబ్బన్ పెట్టి అదే టెస్ట్ కొట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. కార్బన్ కాపీలున్న బిల్లయితే ఇంకో కిటుకు ఉంది. పై కాగితం పలచగా ఉండి కింది కాపీ ముదురుగా వస్తే దెబ్బ బాగానే పడుతోందన్నమాట, రిబ్బన్‌లో సిరా లేదు. పైదీ కిందిదీ రెండూ పలచగా ఉంటేనే సందు మీదా హెడ్డు మీదా అనుమానపడాలి. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే చాలా హెడ్లు అనవసరంగా మారకుండా మిగులుతాయి.

రిబ్బన్‌కు మళ్ళీ సిరా పట్టించి వాడటం మనవాళ్ళకు మామూలే. దాన్ని నేను తప్పనను. కానీ ఏ సిరా అన్నది చూసుకోవాలి. రిబ్బన్ సిరా నూనె కలిసినది. పిన్ను వేలసార్లు దాని మీద పడుతున్నా తుప్పు పట్టకుండా జారుతూ ఉండటానికి ఆ నూనే కారణం. స్టాంప్ ప్యాడ్ మీద పోసే నీళ్ళ సిరాను రిబ్బన్ మీద చల్లితే ఒకటి రెండు రోజులు నల్లగానే కొడుతుంది. తర్వాత హెడ్డు ముక్కులో ఎండి పొలుసు కట్టి పిన్నుల్ని పట్టేస్తుంది. రిబ్బన్ ఖర్చు మిగుల్చుకోబోయి హెడ్డు పోగొట్టుకున్నట్టే. గుడ్డకు నూగు లేచినా, చిల్లులు పడినా సిరా పట్టించకండి. ఊడిన పోగులు పిన్నులకు చుట్టుకుంటాయి.

పలచదనం పేజీ అంతటా ఒకేలా లేకపోతే కథ మారుతుంది. మొదటి కొన్ని వరసలు ముదురుగా వచ్చి, వెంటనే పలచబడి, ఆ తర్వాత రిబ్బన్‌కు చిల్లు పడిందంటే రిబ్బన్ కదలడం లేదు. కరెంటు తీసేసి హెడ్డును చేత్తో అటూ ఇటూ జరపండి. చాలా మోడళ్ళలో హెడ్డు కదిలినప్పుడల్లా కాట్రిడ్జ్ మీది గుండ్రని మరా కొంచెం కొంచెం తిరగాలి. తిరగకపోతే కాట్రిడ్జ్ సరిగా కూర్చోలేదు, లేదా దాన్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు పన్ను ఊడింది.

అక్షరం పై సగం ముదురుగా, కింది సగం వెలిసినట్టు ఉంటే రిబ్బన్ ముక్కు దగ్గర పక్కకు జారిందని అర్థం. విప్పి గుడ్డ మార్చిన కాట్రిడ్జ్‌లలో ఇంకో కారణమూ ఉంటుంది. కొన్ని కాట్రిడ్జ్‌లలో గుడ్డను ఒక మెలిక తిప్పి అతికిస్తారు, ఒక చుట్టులో పై సగం, మరు చుట్టులో కింది సగం దెబ్బలు తినాలని. ఆ మెలిక లేకుండా అతికిస్తే సగం గుడ్డ చిరిగిపోయే దాకా దెబ్బలు తింటుంది, మిగతా సగం కొత్తదిలాగే ఉండిపోతుంది.

ఎడమ వైపు ముదురు, కుడి వైపుకు పోయేకొద్దీ పలచన అయితే హెడ్డు నడిచే ఇనుప కడ్డీ రోలర్‌కు సమాన దూరంలో లేదు. యంత్రం కింద పడ్డాకో, ఎవరో విప్పి బిగించాకో ఇలా అవుతుంది. కడ్డీ చివరి బుష్షులు తిప్పి సరిచేయాలి. ఇది సందు కొలిచే గేజ్ ఉన్నవాళ్ళ పని, అందాజుగా తిప్పితే రెండో వైపు చెడుతుంది.

తెల్ల గీత

అసలు జాగ్రత్తపడాల్సిన లోపం ఇదే. ప్రతి వరసలోనూ, ప్రతి అక్షరంలోనూ ఒకే ఎత్తున సన్నని తెల్ల గీత అడ్డంగా కనపడుతోందంటే ఒక పిన్ను కొట్టడం లేదు. ఏ పిన్నో కాగితమే చెబుతుంది.

పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు పై ఏడు పిన్నులతో తయారవుతాయి. కింది రెండు పిన్నులు చిన్న అక్షరాల తోకలకూ అండర్‌లైన్‌కూ. బిల్లులో అండర్‌లైన్లు మాయమై, జీ, పీ, వై చిన్న అక్షరాల తోకలు తెగిపోతే తొమ్మిదో పిన్ను. టీ అక్షరం పై అడ్డగీత పోయి ఉత్త గుంజ మిగిలితే మొదటి పిన్ను. హెచ్ అక్షరం మధ్య గీత పోయి రెండు స్తంభాలు మిగిలాయంటే నాలుగో పిన్ను.

ఈ నాలుగో పిన్ను దగ్గర కాస్త ఆగాలి. డ్రాఫ్ట్ అక్షరాల్లో 8 అంకెకు నడుము కట్టేది ఆ పిన్నే. అది పనిచేయకపోతే 8లో మధ్య గీత పోయి, రెండు పక్కలా చిన్న తెగుడు ఉన్న సున్నా మిగులుతుంది. రిబ్బన్ కూడా పాతదైతే ఆ తెగుడు కంటికి ఆనదు. వేబ్రిడ్జి చీటీ మీద 18,480 కిలోలు 10,400గా చదువుకోవచ్చు. కింది కార్బన్ కాపీల్లో ఇంకా అన్యాయం. రైతుకిచ్చే చీటీ, లారీ బరువు, మందుల బ్యాచ్ నంబరు కొట్టే ప్రింటర్‌లో మధ్య గీత కనపడిన క్షణం నుంచి దాని మీద చీటీ ఇవ్వకూడదు. “ఈ లోడు వరకు కానీయ్” అన్న మాట ఇక్కడ పనికిరాదు. వెంటనే బాగుచేసే వీలు లేకపోతే చేత్తో రాసి సంతకం పెట్టిన చీటీ నయం.

గీత ఉందని తేలింది. అయినా హెడ్డు విప్పడానికి తొందరపడకండి. ఆ గీత వరస పొడవునా ఉందా, కొంత మేరే ఉందా చూడండి. ఎడమ నుంచి సగం దాకా బాగుండి, అక్కణ్ణుంచి గీత మొదలైతే, లేదా ఒక వరసలో వచ్చి మరో వరసలో పోతే, తప్పు పిన్నుది కాదు, హెడ్డుకు కరెంటు తెచ్చే బద్దీలాంటి కేబుల్‌ది. హెడ్డుతో పాటు అదీ రోజంతా వంగి లేచి, వంగి లేచి ఒక మడత దగ్గర లోపలి రాగి తెగుతుంది. హెడ్డు ఒక చోట ఉన్నప్పుడు అతుక్కుంటుంది, ఇంకో చోట విడిపోతుంది. కేబుల్ ధర హెడ్డుతో పోలిస్తే లెక్కలోది కాదు.

గీత పొడవునా ఉంటే ఇక హెడ్డు విప్పాలి. స్విచ్ తీసి, ప్లగ్గు కూడా పీకి, పదిహేను నిమిషాలు ఆగండి. పని చేస్తున్న హెడ్డు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూలో, క్లిప్పులో తీసి, కేబుల్‌ను నేరుగా వెనక్కి లాగండి. పక్కకు వంచితే బద్దీ చివరి రేకు చిరుగుతుంది.

ముక్కును భూతద్దంతో చూడండి. తొమ్మిది చుక్కలూ ఒకే మట్టానికి ఉండాలి. ఒకటి లోపలికి ఉంటే అరిగిందో విరిగిందో. ఒకటి బయటికి పొడుచుకొని ఉంటే జిడ్డులో ఇరుక్కొని వెనక్కి పోవడం లేదు, రిబ్బన్‌ను చింపేది కూడా అదే. అన్నీ మట్టంగా ఉండి, ముక్కు చుట్టూ నల్లగా గట్టిపడిన మడ్డి ఉంటే సంతోషించండి, కడిగితే పోయే అవకాశం బాగా ఉంది. మిర్చి యార్డులో ఎర్ర దుమ్ము, మిల్లులో తవుడు ఈ నూనె సిరాలో కలిసి కట్టే మడ్డి మామూలు ఆఫీసు మడ్డి కన్నా మొండిది.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. పెట్రోలు, థిన్నరు వద్దు, లోపలి ప్లాస్టిక్‌నూ కాయిల్ పూతనూ తినేస్తాయి. చదునైన స్టీలు మూతలో మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు పోసి, హెడ్డును ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టండి. మునగాల్సింది ముక్కు కొన మాత్రమే, వెనకున్న కాయిళ్ళ దాకా తడి పోకూడదు. కాసేపటికి ముక్కు దగ్గర్నుంచి సన్నని నల్లటి దారాలు కిందికి దిగుతుంటాయి, అది ఎండిన సిరా. పది పదిహేను నిమిషాలకోసారి పారబోసి కొత్తది పోయండి. దారాలు దిగడం ఆగేదాకా అంతే. తర్వాత పాత నూలు గుడ్డ మీద ముక్కును ఒత్తితే తొమ్మిది చుక్కలు అచ్చుపడతాయి. పిన్నుల్ని సూదితో పొడవడం, పట్టుకారుతో లాగడం వంటివి చేయకండి. నూనె చుక్క వేస్తే జారుతుందని కొందరంటారు. ఆ నూనె దుమ్ము పట్టుకొని నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి నేను వేయను.

పూర్తిగా ఆరనివ్వండి. ఆల్కహాల్‌కు నిప్పంటుకునే గుణం ఉంది, తడిగా ఉండగా కరెంటు ఇవ్వకూడదు. ఆరాక బిగించి, రిబ్బన్ పెట్టకుండానే కాగితం మీద ఒక టెస్ట్ కొట్టండి. లోపల మిగిలిన సిరా ఊడి చుక్కలుగా కాగితానికి అంటుతుంది. తర్వాత కొత్త రిబ్బన్ పెట్టి మళ్ళీ టెస్ట్. ఇప్పుడు హెచ్ మధ్య గీత వచ్చిందా? వస్తే పని అయిపోయినట్టే.

రాకపోతే మల్టీమీటర్ తీయాలి. హెడ్డు కేబుల్ మొనల దగ్గర ఉమ్మడి తీగకూ ఒక్కో కాయిల్‌కూ మధ్య ఓమ్‌లు చూస్తే అన్నీ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి అసలేమీ చూపకపోతే ఆ కాయిల్ తెగింది. ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపితే ఆ కాయిల్ లోపల షార్ట్ అయింది. అన్నీ సమానంగా ఉండి పిన్ను కొట్టకపోతే బోర్డు మీద ఆ పిన్నుకు కరెంటు వదిలే ట్రాన్సిస్టర్ పోయి ఉండవచ్చు.

ఇక్కడే కొత్త హెడ్లు బలవుతాయి. షార్ట్ అయిన కాయిల్ ట్రాన్సిస్టర్‌ను చంపుతుంది, చచ్చిన ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండిపోతే దానికి తగిలించిన కాయిల్‌కు కరెంటు ఆగకుండా పోతుంది. బోర్డు చూడకుండా కొత్త హెడ్డు పెట్టి స్విచ్ వేశారంటే మాడు వాసన వచ్చేసరికి దాని కాయిల్ కూడా కాలిపోతుంది. అందుకే మెకానిక్ కొత్త హెడ్డు తెస్తే “బోర్డు చూశావా అన్నా?” అని ఒక్క మాట అడగండి. తెల్ల గీతకు బదులు వరస పొడవునా నల్ల గీత పడుతున్నా ఇదే అనుమానం: పిన్ను ఆగకుండా నొక్కుకొని ఉంది. వెంటనే ప్లగ్గు పీకండి, టెస్ట్ కూడా కొట్టొద్దు.

పిన్ను మాత్రమే విరిగి కాయిళ్ళన్నీ బాగుంటే కొత్త హెడ్డు కొనక్కర్లేదు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లలో పిన్ను మార్చి హెడ్డు తిరిగి ఇచ్చేవాళ్ళుంటారు. డబ్బు ఇచ్చేముందు రెండు చూసుకోండి: కొత్త పిన్ను మిగతావాటి మట్టానికే ఉందా, మీ ఎదుట కొట్టిన డ్రాఫ్ట్ టెస్ట్‌లో గీత లేకుండా వచ్చిందా. పిన్ను వెంట్రుకవాసి పొడవున్నా రిబ్బన్‌ను తగులుకొని చింపుతుంది.

గళ్ళు వంకరపోతే

బిల్లు గళ్ళ నిలువు గీతలు ఒక వరసలో కుడికి, మరు వరసలో ఎడమకు జరిగి రంపం పళ్ళలా వస్తుంటాయి. హెడ్డు పోతూ ఒక వరస, వస్తూ ఒక వరస కొడుతుంది, ఆ రెంటికీ పొత్తు తప్పింది. హెడ్డు నడిచే కడ్డీ మీద పాత నూనె బంకలా గట్టిపడటం, బెల్టు వదులవడం దీనికి మూలకారణాలు. కడ్డీని పొడి గుడ్డతో తుడిచి, మెషిన్ ఆయిల్ ఒక్క పలచటి పూత పూసి, బెల్టు బిగువు చూడండి. తర్వాత సర్దుబాటు: ఎల్ఎక్స్ రకాల్లో పాజ్ నొక్కి పట్టుకొని స్విచ్ వేస్తే ఎలా చేయాలో ప్రింటరే కాగితం మీద అచ్చేస్తుంది, నమూనాల్లో నిటారుగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే. దానికీ లొంగకపోతే సెట్టింగుల్లో ఒకే దిశలో కొట్టేలా మార్చండి. వేగం తగ్గుతుంది గానీ గళ్ళు నిలబడతాయి.

వరస మీద వరస పడుతుంటే కాగితం కదలికలో తేడా ఉంది. కంటిన్యూయస్ పేపర్‌కూ విడి కాగితానికీ మార్చే లీవర్ తప్పు వైపుంటే రోలర్ ఒక లాగుడు, కాగితం అంచు రంధ్రాలు పట్టి నడిపే ట్రాక్టర్ ఒక లాగుడు లాగుతాయి. కాగితం కట్ట బల్ల కింద తిన్నగా ఉండాలి, పక్కకుంటే ఒక వైపు రంధ్రాలు చిరుగుతాయి. పేజీ పేజీకీ బిల్లు పైకో కిందికో జారిపోతుంటే పేజీ పొడవు చూడండి. మన దగ్గర దొరికే 80 కాలమ్ కాగితం 12 అంగుళాల పొడవుది, సెట్టింగు 11 మీద ఉంటే అంగుళానికి ఆరు వరసల లెక్కన 72 వరసల పేజీని ప్రింటర్ 66గా అనుకుంటుంది. ప్రతి పేజీకీ ఒక అంగుళం తేడా అక్కణ్ణుంచి వస్తుంది.

మసక, మరకల సంగతి ఒక్క మాటలో తేలుతుంది. కొత్త రిబ్బన్ మొదటి రోజు కొంచెం పూస్తుంది, వదిలేయండి. రోజులు గడిచినా తగ్గకపోతే రిబ్బన్‌కూ కాగితానికీ మధ్య ఉండే పలచని మాస్క్ రేకు చిరిగి ఉంటుంది. రోలర్ సిరా పట్టి ఉంటే తడి పిండేసిన గుడ్డతో తుడవండి, థిన్నర్ తగిలితే రబ్బరు గట్టిపడి గాజులా అవుతుంది. గట్టిపడిన రోలర్ మీద దెబ్బ చప్పుడు పెరుగుతుంది, అచ్చు మాత్రం తగ్గుతుంది, పిన్నులు త్వరగా అరుగుతాయి. హెడ్డు మార్చినా కొద్ది నెలలకే మళ్ళీ పోతోందంటే రోలర్ మీద వేలు పెట్టి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా మెకానిక్‌ను పిలవాల్సి వస్తే, డ్రాఫ్ట్ టెస్ట్ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపండి. లీవర్ ఏ అంకె మీదుందో, రిబ్బన్ ఎప్పుడు మార్చారో రెండు ముక్కలు రాయండి. తెచ్చే సామాను సరైనది తెస్తాడు, రెండో ట్రిప్పు తప్పుతుంది.

ఎంత దాకా బాగుచేయించాలి అంటే, ఒక్క హెడ్డు పోయి బోర్డు బాగుంటే చేయించండి. బోర్డు పోయి హెడ్డు బాగున్నా చేయించవచ్చు. రెండూ కలిసి పోతే, దానికి తోడు రోలర్ కూడా గట్టిపడి ఉంటే ఆ డబ్బుకు కాస్త కలిపి కొత్తది కొనుక్కోవడమే లాభం. పాతదాని ట్రాక్టర్లు, గేర్లు, మరలు, మూత మాత్రం పాత సామానువాడికి వేయకండి. అదే మోడల్ ఇంకొకటి ఆఫీసులో ఉంటే, దానికి ముందుగా విరిగేవి అవే.